కిటికీ కిందికి వచ్చిన బండి

ముప్పై ఏడేళ్లు స్టుట్‌గార్ట్‌లో ట్రాము నడిపిన గుడ్రున్ రిటైరయ్యాక పట్టాలు లేని బండి మీద మనసు పారేసుకుంది. 1979 నాటి క్యాంపర్ అది. మంచం, పొయ్యి, అలమరలు అన్నీ లోపలే. ఊరవతల ఒక రైతు కొట్టంలో కోళ్లు కాపురముంటున్న దాన్ని కొని, అక్కడే పెట్టుకుని మూడేళ్లు తుప్పు గీకింది. అరవై దాటాక వెల్డింగు నేర్చుకుంది. తల ప్రాణం తోకకొచ్చింది గాని వదల్లేదు.

మొగుడు ఎకార్ట్ మాత్రం నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని నవ్వేవాడు. మోకాలి ఆపరేషన్ అయి రెండేళ్లు దాటినా గడప దాటలేదు. డాక్టరు నడవమంటే మొండికేశాడు. మెట్లంటే భయమని చచ్చినా ఒప్పుకోడు, బయట చూసేదేముంది అంటాడు.

"నీ కోళ్లగూడు మన కిటికీ కిందకొచ్చి నిలబడ్డ రోజు దిగుతాలే," అన్నాడొకసారి.

"మాట మీద ఉంటావా?"

"ఉంటా. అది రావాలి కదా."

ఆయన ధీమా ఊరికే రాలేదు. పొగ ఎక్కువని అంత పాత డీజిల్ బండిని ఊళ్లోకి రానివ్వరు. అసలు రూపం చెడని పాతకాలపు బండి అని తేలి, నంబరు చివర హెచ్ అక్షరం పడితేనే అనుమతి. మొగుణ్ణి మెట్లు దింపడానికి గుడ్రున్‌కి ఆ ఒక్క అక్షరమే దారిగా కనబడింది.

ఏప్రిల్లో బండిని ఊరి బయటే తనిఖీకి తీసుకెళ్లింది. తనిఖీ చేసే ఫోగెల్ ఇంజను చప్పుడు విన్నాడు, బ్రేకులు తొక్కాడు, అడుగున దూరి లైటు వేసి చూశాడు. బాగుందన్నట్టు తలాడించాడు. తలుపు తీసి లోపలికి తొంగి చూశాక మాత్రం ముఖం మారింది.

"ఈ తెల్ల అలమరలు ఎక్కడివి మేడం?"

"కొత్తవి. పోయిన వేసవిలో నేనే బిగించా. పాతవాటికి నారింజ రంగు తలుపులు. చూస్తే కడుపులో తిప్పేది."

"ఆ తిప్పేవే నాక్కావాలి. ఇది పాత బండి అని నేను సంతకం పెట్టాలి. మీరేమో కొత్త పెళ్లికూతుర్ని చేసి తెచ్చారు."

 ఆ పాతవాటిని గుడ్రున్ కొట్టం నుంచి ఇంటికి తెచ్చి, పనికిరాని పెద్ద సామాన్లు చెత్తబండి తీసుకెళ్లే రోజున తన చేతులతోనే వీధిలో పెట్టేసింది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే సంగతి చెప్పింది. ఎకార్ట్ ఈసారి నవ్వలేదు.

"కింది వాటా ఆయన సెల్లారు గదిలో చూడు."

"ఏముందక్కడ?"

"నువ్వు చెత్తన్నవి. నువ్వు వీధిలో పెట్టడం కిటికీలోంచి చూసి, ఆయనకి ఫోన్ చేసి లోపల పెట్టించా. ఆపిల్ పళ్లు దాచుకుంటున్నాడు వాటిలో. మంచి చెక్క. మా అమ్మ దారప్పోగు కూడా పారేసేది కాదు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మళ్లీ పారేసేదానివి."

"బండి వస్తే మెట్లు దిగాల్సింది నువ్వే. గుర్తుందా?"

ఎకార్ట్ కిటికీ వైపు తిరిగాడు. "చెక్క మంచిదంటున్నా, అంతే."

ఆ నిమిషాన ఆ పిసినారి మీద గుడ్రున్‌కి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మూడు వారాల్లో ఆ అలమరల్ని తిరిగి బిగించింది. ఫోగెల్ నారింజ తలుపు తీసి ఆపిల్ వాసన పీల్చాడు. "మా అత్తగారి వంటిల్లు అచ్చం ఇంతే," అని నిలబడే సంతకం చేశాడు.

హెచ్ అక్షరమున్న పలక బిగించుకుని గుడ్రున్ పట్టపగలు ఊళ్లోకి వచ్చింది. ఎదురొచ్చిన ట్రాము డ్రైవరు ఆమెను గుర్తుపట్టి గంట కొట్టాడు. తానూ హారన్ కొట్టింది. ఇంటి ముందు ఆపి పైకి చూస్తే కిటికీ ఖాళీగా ఉంది.

మాట తప్పాడనుకుంది. మూడేళ్ల కష్టమూ ఆ ఖాళీ కిటికీలో కలిసిపోయినట్టనిపించింది. అయినా వదలకుండా హారన్ మీద చెయ్యి పెట్టింది.

వీధి తలుపు తెరుచుకుంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, గోడ పట్టుకుని, చెమటలు కక్కుతూ ఎకార్ట్ నిలబడ్డాడు.

"ఆపు ఆ మోత. నాలుగంతస్తులు దిగడానికి టైము పట్టదా?"

గుడ్రున్‌కి ఏడుపొచ్చింది, ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, వంగి పక్క తలుపు తోసింది.

"ఎక్కు. తలుపులు మూస్తున్నా," అంది, ముప్పై ఏడేళ్లు ట్రాములో పలికిన గొంతుతోనే.