గిస్సెల్ అనే పిలుపు

మొలకలు గిల్లేసిన పాత బంగాళాదుంపలను మోర్తా తురుముతోంది. వాకిట్లో పెద్దబాతు పిల్లలు గేటు వైపు పోతుంటే, చేతిపని ఆపకుండానే కిటికీలోంచి "గిస్సెల్, గిస్సెల్" అని పిలిచింది. అవి వెనక్కి తిరిగాయి.

బల్ల దగ్గర కూర్చున్న ఆడపడుచు బార్బోరా తృప్తిగా తలాడించింది. బడి పంతులమ్మగా రిటైరయ్యాక ఆమె పల్లె మాటలు పోగుచేసి, విల్నియస్‌లో నిఘంటువు రాసేవాళ్ళకు పంపుతోంది. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. చీటీ అడుగున ఆ మాట అన్నవాళ్ళ పేరూ, పుట్టిన ఊరూ ఉండాలి. లేకపోతే అక్కడ తీసుకోరు.

"నాలుగు జిల్లాలు తిరిగాను. ఇలా పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు."

"పిల్లల్ని పిలవడమేగా వదినా. ఈ మాత్రానికి విల్నియస్ దాకా ఎందుకు?"

"నీకు వంటిల్లు తప్ప ఏం పట్టదులే. బాతుని మన లిథువేనియన్‌లో జాసిస్ అంటాం, జర్మన్లు గాన్స్ అంటారు, లాటిన్‌లో ఆన్సెర్. వేల ఏళ్ళ కిందట అన్నీ ఒక్క మాటే. నీ గిస్సెల్ కూడా ఆ ఇంటిదే. జర్మన్ నిఘంటువులో చూశాను, లేదు. అంటే పాత ప్రష్యన్లది. వాళ్ళ భాష ఎప్పుడో చచ్చిపోయింది, ఇదొక్కటీ మీ అమ్మ నోట బతికింది." బార్బోరా చీటీ ఎత్తి చదివింది. "మోర్తా, ఊర్షులె కూతురు. పుట్టింది అడవి అవతలి ఇంట్లో. రేపటి టపాలో వేస్తాను."

ఆ పుట్టిన చోటే ఇరవై ఏడేళ్ళుగా మోర్తాను కాపాడుతోంది. కాగితాల్లో అదే ఉంది. పెళ్ళినాడు మొగుడు కజీస్‌కూ అదే చెప్పారు. నిజం బయటపడితే సోవియట్ అధికారులు ఇక్కడ ఉండనివ్వరని ఊర్షులె పోయేముందు కూడా చెవిలో చెప్పింది. కానీ ఈ ఒక్క చీటీ కోసం బార్బోరా చలికాలమంతా పుస్తకాల మీద కూర్చుంది. రేపు ఆ మాట తెలిసినవాళ్ళెవరైనా చూస్తే, పంతులమ్మ కట్టుకథ రాసిందంటారు.

"పంపకు వదినా."

"ఏం, పేరు అచ్చులో పడుతుందని సిగ్గా?"

"అది ఊర్షులె మాట కాదు. మా అమ్మది."

బార్బోరా కళ్ళజోడు తీసింది.

"నేను నేమునస్ నది అవతలిదాన్ని. జర్మన్ల పిల్లని. యుద్ధం అయ్యాక అమ్మ ఆకలికి పోయింది. గూడ్సుబండి ఎక్కి, అడుక్కుంటూ ఇటు వచ్చాను. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఊర్షులె తన కూతురని చెప్పి పెంచింది. మా పల్లెలో బాతుపిల్లని అలాగే అనేవాళ్ళు. పుస్తకాల దాకా ఎక్కలేదేమో."

"తమ్ముడికి తెలుసా?"

"తెలీదు."

"మీ అమ్మ పేరు?"

మోర్తా చెప్పింది. పల్లె పేరూ చెప్పింది. పైకి అని ఎన్నేళ్ళయిందో, రెండోసారికి గానీ నాలుక తిరగలేదు.

బార్బోరా చీటీ మీద పుట్టిన చోటు కొట్టేసింది. అక్కడ జర్మన్ ఊరి పేరు రాస్తే, మోర్తా ఎవరో విల్నియస్ దాకా తెలిసిపోతుంది. కలం అక్కడే ఆగింది. విన్న మాటను ఆమె ఏనాడూ రాయకుండా వదల్లేదు. చివరికి కలానికి మూత పెట్టి, పొయ్యి తలుపు తెరిచి, చీటీని లోపల వేసింది. అది పూర్తిగా కాలిపోయేదాకా చూసింది. తర్వాత మిగతా చీటీలను దారంతో కట్టి, తలగుడ్డ ముడేసుకుని, ఇంట్లోంచి వెళ్ళిపోయింది.