కవరు విప్పని హెడ్‌ఫోన్

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. పసుప్పచ్చ రంగు, చెవుల మీద ఆనుకునే మెత్తటి దిండ్లు, కుడివైపు దిండు మీద నవ్వుతున్న బాతు బొమ్మ. చిన్నపిల్లల కోసం పుట్టాను. పిల్లాడు వినేది పిల్లాడి చెవిలోనే ఉండాలి, పక్కవాడి చెవిలో పడకూడదు. నా పుట్టుకకు ప్రయోజనం అదొక్కటే. ఆ కాస్త పనీ నన్ను చెయ్యనివ్వలేదు. నా కథలో మనుషుల మీద మర్యాద తక్కువగా కనబడితే నన్ను తప్పుపట్టకండి. నాకు దొరికిన మనుషులు అలాంటివాళ్లు.

ఎక్కడో ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా తీగ అతికించి, తన చెవులకు పెట్టుకుని విని, బాగుందని తలూపింది. ఆ పిల్ల మొహంలో కనబడిన తృప్తి చూసి లోకమంతా ఇలాగే ఉంటుందనుకున్నాను. ఎంత అమాయకత్వం! తర్వాత విశాఖపట్నంలో ఒక బొమ్మల దుకాణంలో కొక్కేనికి వేలాడాను. అక్కడ ఒకాయన నన్ను కొని, పుట్టినరోజు నాడు మేనల్లుడు బన్నీ చేతిలో పెట్టాడు. పిల్లాడు సంబరంగా కవరు చింపబోయాడు. వాళ్లమ్మ హిమజ చటుక్కున లాగేసుకుంది.

"వద్దు నాన్నా, కొత్తది కదా, పాడుచేసేస్తావు. ఎక్కడికైనా వెళ్లినప్పుడు పెట్టుకుందువుగాని."

ఆ ఇంట్లో అన్నీ అంతే. టీవీ రిమోట్‌కి పాలిథిన్ కవరు, ఫ్రిజ్ పిడికి గుడ్డ తొడుగు, సోఫా మీద దుప్పటి, ఆ దుప్పటి మాయకుండా దాని మీద ఇంకో దుప్పటి. వాళ్ల దృష్టిలో మంచి వస్తువంటే వాడుకునేది కాదు, దాచుకునేది. అలా నేను కవరుతో సహా హిమజ చేతిసంచిలోకి చేరాను. ఆ సంచి జిప్పు పాడైపోయి ఎప్పుడూ సగం తెరిచే ఉండేది. కాబట్టి అన్నీ కనబడేవి, అన్నీ వినబడేవి. అదే నా ఖర్మ.

వాళ్లు వెళ్లిన ప్రతిచోటికీ నేనూ వెళ్లాను. టిఫిన్ హోటల్లో ఫోన్ పెడితేగాని బన్నీ నోరు తెరవడు. ఫోన్లో ఒక ఏనుగు గెంతుతూ పాడుతుంది, వెనక కోడిపుంజు కూస్తుంది, పాట అయిపోగానే మళ్లీ మొదలు. పక్క టేబుల్ వాళ్లు దోసె సగంలో వదిలేసి లేచిపోయారు. రైల్లో ఒక పెద్దాయన చాలా మర్యాదగా, "కొంచెం సౌండు తగ్గిస్తారా అమ్మా?" అని అడిగాడు.

"చిన్నపిల్లాడండీ. తగ్గిస్తే ఏడుస్తాడు," అంది హిమజ.

ఆయన కిటికీవైపు తిరిగాడు. పిల్లాడి తండ్రి ఫణీంద్ర పెళ్లాం చెవిలో అన్నట్టుగా, పెద్దాయనకు వినబడేట్టుగా, "కొంతమందికి పిల్లలంటేనే పడదు," అన్నాడు. ఛీ! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దాయనకు పడనిది పిల్లాడు కాదు, ఏనుగు. ఆ ఏనుగు నోరు మూయించడానికే గదా నేను పుట్టింది! చెయ్యి చాపితే అందేంత దూరంలో, దువ్వెనకీ బిస్కెట్ పాకెట్టుకీ మధ్య పడున్నాను. నేనున్నానని ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆసుపత్రి ఒక ఎత్తు.

ఫణీంద్ర తల్లి వసుంధర గుండె ఆపరేషన్ అయి ఐసీయూలో ఉంది. కింద హాల్లో రోగుల తాలూకు జనం కూర్చుంటారు. ఐసీయూ తలుపు దగ్గర ఎవర్నీ నిలబడనివ్వరు. సెక్యూరిటీ అతను కిటికీలోంచి మైకులో, "ఫలానా వారి తాలూకు ఎవరండీ?" అని పిలుస్తాడు. మూడుసార్లు పిలిచి, పలక్కపోతే తర్వాతి పేరుకి వెళ్లిపోతాడు. ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు ఇంటివాళ్లలో ఒక్కరిని లోపలికి పంపి రోగిని చూడనిస్తారు. అదక్కడి పద్ధతి.

మా పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఒకావిడ వచ్చి కూర్చుంది. పేరు పైడమ్మ. గజపతినగరం దగ్గర పల్లె. మొగుడు సూరప్పడికి ఆ రోజే గుండె ఆపరేషన్. హిమజ పలకరించగానే ఆవిడ మనసులో ఉన్నదంతా చెప్పేసింది.

"మా ముసిలోడికి బయం తల్లీ. పావుని సేత్తో పట్టి ఇసిరేసినోడు, కత్తనేసరికి పిల్లాడైపోనాడు. ‘నీ మొకం సూత్తేగాని లోపలికెల్లనే’ అన్నాడు. ఒత్తాన్లే అని మాటిచ్చినాను. మైకులో పిలుత్తారంట గదా?"

"పిలుస్తారమ్మా, కంగారుపడకండి. మా అత్తగారిని కూడా చూడ్డానికి పిలుస్తారు. వసుంధర అని," అంది హిమజ.

మాట బాగానే చెప్పింది. ఆ పక్కనే ఏనుగు గెంతుతోంది, కోడి కూస్తోంది. హాల్లో అందరూ తలలు తిప్పి చూస్తున్నారు, ఒక్కరూ నోరు విప్పడం లేదు. పైడమ్మ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని మైకువైపు వంగింది. అప్పటికీ బన్నీ తల నిమిరి, "ఏటి బాబూ, ఏనుగా?" అని నవ్విందే గాని కసురుకోలేదు. ఆవిడ అలా వంగి వినడం హిమజ చూసింది. చూసి ఏమందో తెలుసా?

"ఇక్కడ ఏసీ చప్పుడు మరీ ఎక్కువండీ. ఏమీ వినబడదు."

ఈ లోగా పిల్లాడు ఆకలన్నాడు. హిమజ చెయ్యి సంచిలోకి వచ్చింది. నన్ను తాకింది కూడా! నా ప్రాణం లేచొచ్చింది. ఆ చెయ్యి నన్ను పక్కకు నెట్టి, బిస్కెట్ పాకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే మైకు పలికింది. "సూరప్పడు తాలూకు ఎవరండీ?" ఏనుగు గెంతింది. "సూరప్పడు తాలూకు!" కోడి కూసింది. మూడోసారి పిలిచేటప్పటికి పాట అయిపోయి మళ్లీ మొదలైంది. శబ్దాన్ని విడదీసి వినడం నా వృత్తి, కాబట్టి నాకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది. కవరులో ఉన్న హెడ్‌ఫోన్ అరవలేదు గదా.

చాలాసేపు చూసి పైడమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి అడిగింది.

"మూడుసార్లు పిలిచానమ్మా! ఎక్కడికి పోయావు? ఎవరూ పలక్కపోతే థియేటర్‌కి తీసుకెళ్లిపోయారు," అన్నాడు సెక్యూరిటీ అతను.

"ఇక్కడే ఉన్నాను బాబూ. ఇక్కడే..."

"ఇక్కడుంటే పలకాలి గదా?"

ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా పక్కవాళ్లకు ఇబ్బంది కాకూడదని కాబోలు, చప్పుడు బయటికి రానివ్వలేదు. హిమజ జాలిగా చూసి, "ఈ ఆసుపత్రుల వాళ్లకి బాధ్యతే ఉండదండీ," అని ఓదార్చింది. ఆ మాటకు నాకు పుట్టిన రోత అంతా ఇంతా కాదు. ఒడిలో ఏనుగుని పెట్టుకుని ఆసుపత్రిని తిట్టడానికి ఎంత మొండిధైర్యం కావాలి!

తర్వాత హిమజ సంచినీ, ఫోన్‌తో సహా బన్నీనీ కుర్చీల్లో వదిలేసి క్యాంటీన్‌కి వెళ్లింది. పైడమ్మ లేచి మైకుకు దగ్గరగా ఒక స్తంభానికి ఆనుకుని నిలబడింది. బన్నీకి అవతలి కుర్చీలో ఫణీంద్ర తన ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. ఏనుగు గోలకి కామెంటరీ వినబడక విసుక్కున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి కెలికి, నన్ను బయటికి లాగి, కవరు పళ్లతో చింపాడు. అమ్మయ్య, ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది, పిల్లాడికి పెడతాడు అనుకున్నాను.

పెట్టుకున్నది తన చెవులకు! పసిపిల్లల కొలతకు చేసిన నన్ను సాగదీసి, అంత పెద్ద తలకు తగిలించుకుని, చెవి మీద బాతుతో దర్జాగా మ్యాచ్ చూశాడు. కన్నకొడుకు పాటను తాను భరించలేడట, హాలంతా మాత్రం భరించాలట! మనుషుల మీద నాకున్న చివరి ఆశ కాస్తా అప్పుడే పోయింది.

అప్పుడు మైకు మళ్లీ పలికింది. "వసుంధర తాలూకు ఎవరండీ?"

ఫణీంద్ర ఎవరో సిక్సు కొడితే నవ్వుతున్నాడు. రెండోసారి పిలుపు వినబడింది. స్తంభం దగ్గర్నుంచి పైడమ్మ పరిగెత్తుకొచ్చి అతని భుజం తట్టింది. అతను బాతును పక్కకు జరిపి, "ఏంటండీ?" అన్నాడు చిరాగ్గా.

"మీ అమ్మని పిలుత్తన్నారు బాబూ. రొండుసార్లు పిలిసేసినారు. ఎల్లు, బేగెల్లు!"

అతను ఒక్క ఉదుటున లేచాడు. నా తీగ కుర్చీ చేతికి తగులుకుని ఊడింది, నేను నేల మీద పడ్డాను, నా ఎడమ దిండు పిగిలింది. వాళ్లమ్మను చూసి వచ్చాడు. థాంక్స్ అన్న ముక్క అప్పుడూ లేదు, తర్వాతా లేదు.

అతను లోపల ఉన్న ఆ కాసేపట్లోనే నాకు అసలు సంగతి తెలిసింది. పైడమ్మ బన్నీ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"బాబూ, ఆ ఏనుగుని కూసేపు నిద్రపోనిత్తావా? మా తాత పేరు పిలుత్తారు. నాకు ఇనబడాల."

వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. "సరే మామ్మా," అన్నాడు. బొటనవేలితో మీట నొక్కి సౌండు మొత్తం తీసేశాడు. ఏడవలేదు, గింజుకోలేదు, బొమ్మలు చూసుకుంటూ కూర్చున్నాడు. అంతే. వాడు పుట్టాక ఆ మాట వాణ్ణి ఎవరూ అడగలేదు!

కాసేపటికి వసుంధరను గదికి మార్చారని ఆ కుటుంబం సామాన్లు సర్దుకుని పైకి వెళ్లిపోయింది. కింద పడిన నన్ను ఎవరూ వెతకలేదు. ఊడ్చే ఆవిడ నన్నూ, నా చిరిగిన కవరునూ కలిపి ఎత్తి, మైకు కిటికీ కిందున్న చెత్తబుట్టలో వేసింది. నా పక్కన టీ కప్పులు, పైన అరటితొక్కలు. ఆ సంచి కంటే ఇదే నయం అనిపించింది.

సాయంత్రం మైకు పలికింది. "సూరప్పడు తాలూకు..."

"నానే బాబూ!" పేరు పూర్తయ్యేలోగా పైడమ్మ కిటికీ ముందుంది.

"ఆపరేషన్ బాగా అయిందమ్మా, తెలివొచ్చింది. ‘మా ఆడది ఇంటికెల్లిపోనాదా?’ అని నర్సుని పదేపదే అడుగుతున్నాడట. లోపలికెళ్లు."

"ఎక్కడికీ ఎల్నేదు బాబూ. ఇక్కడే ఉన్నాను, ఇక్కడే," అని అతనికి చెప్పింది. తలుపు తోసే ఆయాకీ అదే చెప్పింది. లోపలికి పోతూ కూడా ఆ మాటే అంటోంది.

నేనూ ఇక్కడే ఉన్నాను. సూరప్పడి పేరు మూడుసార్లు పిలిచినంతసేపూ పైడమ్మ పక్క కుర్చీలోనే, సంచిలో, బిస్కెట్ పాకెట్టు పక్కన.