అన్నం పాటల మధ్య వచ్చిన పాట

జీపులో ఆ పాట మోగినప్పుడు అన్న నవ్వాడట. తిట్టి ఉంటే మా ఆయన ఇంటికొచ్చి అన్నం తినేవాడు. నవ్వాడు కాబట్టి కంచం ముట్టలేదు.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. అన్న అంటే మా ఊరి పెద్ద, ఆయనది ఏ పార్టీ అయితే ఊరంతా ఆ పార్టీ. ఆయన్ను అసలు పేరుతో పిలిచేవాళ్లు మా ఊళ్లో లేరు. మా ఆయన జయకర్ ఆయన జీపు తోలతాడు. పోయిన ఏడాది పులివెందుల రోడ్డులో, చీనీతోట పక్కన, ఎదుటి పార్టీ మనిషిని ఒకణ్ణి చంపారు. ఆ కేసులో అన్న ముద్దాయి. ఆ రోజు జీపు తోలింది మా ఆయనే. పోలీసులు ఎన్నిసార్లు అడిగినా జ్వరంతో ఇంట్లో పడుకున్నానన్నాడు. అన్న నేర్పిన మాట అది. ఆ మాట మీదే మా కాపురం నిలబడి ఉంది.

ఇంటికంతా ఒకటే ఫోను. మా పాప ఎస్తేరు బొమ్మల పాటలు పెడితేగాని అన్నానికి నోరు తెరవదు. ఎన్నికలు దగ్గర పడ్డాక ఆ పాటల నడుమ ఉన్నట్టుండి తెర నిండా ఎదుటి పార్టీ నాయకుడు చేతులు జోడించి నిలబడేవాడు, వెనక డప్పుల మోత. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే అది పోకపోగా ఇంకొకటి తెరుచుకునేది. రానురాను బొమ్మలు పెట్టకపోయినా దానంతటదే రాసాగింది. అట్లాగే ఆ రోజు మా ఆయన జేబులో మోగింది.

"ఏందిరా జయకరూ, పాట శానా బాగుండాదే! ఇంగోసారి పెట్టు, ఇందాం."

"అడ్వటైజుమెంటన్నా. పాప అన్నం తినేదానికి బొమ్మలు పెట్టుకుంటే..."

"నేనేమన్నా అంటినా? నీ పాప పార్టీ మారింటాదిలే."

వెనక సీట్లోవాళ్లు కూడా నవ్వారట.

మర్నాడు పాపను చంకనేసుకుని, ఫోను తీసుకుని ప్రొద్దుటూరు పోయాను. అక్కడ జమాల్‌కు సెల్లు కొట్టు ఉంది. మా ఆయనతో బళ్లో చదువుకున్నవాడు.

"నాకూ వస్తాంది వదినా ఈ పాట. మనూరు ఏ పార్టీదో ఫోనుకేం తెలుసు?" అంటూ బొమ్మల యాప్ తీసేశాడు. అయినా పాట మళ్లీ వచ్చింది. "దాని ఎంబడి వచ్చిందేదో లోపల కూచోనుండాది. ఫోను మొత్తం తుడిచేయాల. నంబర్లు, ఫోటోలు అన్నీ పోతాయి."

"వద్దు జమాలూ. ఏం దాచినారని తుడిపించినారంటారు."

అతని చెయ్యి ఆగిపోయింది. ఈ జిల్లాలో పుట్టినవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు.

"అట్లయితే అర్జీ పెట్టండి. కడపలో వినియోగదారుల కోర్టు ఉండాది గానీ, ఏండ్లు పడ్తాది. సైబర్ వాళ్లకు ఆన్‌లైన్లో పెట్టొచ్చు. అర్జీ నంబరు ఫోనుకే వస్తాది."

"ఈ ఫోనుకొచ్చిందాన్ని ఎవరు నమ్ముతారు? చేతికి కాగితం కావాల."

"స్టేషన్లో రసీదు ఇస్తారు."

ఆ మాట పట్టుకుని బస్సెక్కాను. రసీదు అన్న ముందు పెడితే చాలు, ఆ పాట మేం పెట్టుకున్నది కాదని తేలిపోతుంది. మా ఊరివాళ్లు తమంతట తాము స్టేషన్ గడప తొక్కరు. కోడి పోయినా అన్నకే చెప్పాలి, స్టేషన్‌కు పోయేది అన్న మనిషే. నాకు తెలియంది కాదు. అదంతా మనుషుల మీద కేసులకనుకున్నాను. ఇది ఫోను మీద కదా.

జమ్మలమడుగు స్టేషన్లో కానిస్టేబులు అడిగాడు. "ఎవరి మీదమ్మా కంప్లైంటు?"

"పాట మీద సార్."

"పాటను యాడ అరెస్టు చేసేదమ్మా? ఆ కంపెనీ పేరేంది?"

"తెలీదు సార్."

"అయితే పేరు తెలియని యాప్ అని రాయి."

ఎనిమిదిలోనే బడి మాన్పించారు నన్ను. అక్షరాలు కూడబలుక్కుంటూ రాసేసరికి మధ్యాహ్నం దాటింది. పాప బల్ల మీదే నిద్రపోయింది. రసీదు మీద గుండ్రటి ముద్ర పడ్డాక గాని నేను అక్కణ్ణుంచి లేవలేదు.

బయటికి వస్తే ఎదురుగా టీ బంకు దగ్గర కాటమయ్య. అన్న వెంట తిరిగే మనిషి.

"ఏం రూతమ్మా, శానాసేపు ఉన్యావే లోపల?"

"ఫోను కంప్లైంటు మామా. పిచ్చి పాటలు వస్తాంటే..."

"ఔనా. మంచిది, మంచిది."

సగం టీ అట్లాగే పెట్టి మోటార్‌సైకిల్ ఎక్కాడు. నేను బస్సు దిగేసరికి మా వాకిట్లో జీపు ఉంది.

అన్న మా నులకమంచం మీద కూర్చున్నాడు. మా ఆయన నిలబడి ఉన్నాడు. నేను రసీదు ఇస్తే రెండు చేతులతో అందుకుని అన్నకిచ్చాడు. అన్న పైనుంచి కిందిదాకా చదివాడు.

"పాట మీద అర్జీ రాసేదానికి ఇంతసేపు పడ్తాదామ్మా?"

"నాకు రాసేది నిదానమన్నా. సదువు లేదు."

"ఏమేం అడిగినారు?"

"యాప్ పేరు."

"ఇంగ?"

"ఇంగేం లేదన్నా. పాప మీద ఒట్టు."

"పాప మీద ఎందుకులేమ్మా." నవ్వాడు. కాగితం మడిచి తానే మా ఆయన జేబులో పెట్టాడు. "రారా జయకరూ, పులివెందుల దాకా పోయొద్దాం."

మా ఆయన తాళం కోసం చెయ్యి చాపాడు. అప్పటికే కాటమయ్య స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. మా ఆయనను వెనక సీట్లో, ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. ఆ జీపులో అతను వెనక కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పాపకు అన్నం పెట్టు," అన్నాడు మా ఆయన. అంతే.

పొద్దు వాలింది. పులివెందుల నుంచి రావాల్సిన బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. ఫోను ఆపేద్దామని వేలు పెట్టి, నొక్కకుండానే తీసేశాను. ఎవరి ఫోను నుంచైనా అతను చేస్తాడేమో.

అంతలో తెర వెలిగింది. అందుకున్నాను. చేతులు జోడించిన మనిషి, డప్పులు.

ఆ మోత వినగానే ఎస్తేరు నా దగ్గరకొచ్చి కూర్చుని నోరు తెరిచింది. పాట ఆపకుండా ముద్ద కలిపి పెట్టాను.