ముసలమ్మ కేరేజీ మూత

తొంభై నాలుగు, తొంభై అయిదు, తొంభై ఆరు. ఆఖరి టిప్పు డబ్బా మూల రంధ్రంలో దిగగానే ముసలమ్మ వేళ్ళు వాటంతటవే ఇంకో డబ్బాను ముందుకు లాక్కున్నాయి. పిపెట్టుకు తొడిగే ఆ సన్నని ప్లాస్టిక్ గొట్టాలను ఆమె చూసి పేర్చదు. కిటికీలోంచి కాశీబుగ్గ రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ పేరుస్తుంది. కొస వంకరపోయినది తగిలితే బొటనవేలు దానంతటదే ఆగుతుంది, ఆ టిప్పు చెత్తబుట్టలో పడుతుంది. పాతికేళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో గుండునీ బద్దనీ వేరుచేసిన వేళ్ళవి. జీడి సొన తగిలి కాలికాలి ముద్రలు చెరిగిపోయిన వేళ్ళు కూడా. ల్యాబులో హాజరు మిషను ఆమెను ఏనాడూ గుర్తుపట్టలేదు. "దానికి నాను కనపడను. మిగతా అందరికీ ఇనపడతాను" అని నవ్వేది.

ఇవాళ ఆమెకు అక్కడ చివరి రోజు. అరవై నిండాయి. సాయంత్రం అయిదింటికి కేకు, శాలువా అన్నారు. "పుట్టిన్నాడే ముసలమ్మనయిపోనాను. ఇప్పుడు కొత్తగా ముసిలిదాన్నయిపోనానని శాలువా ఏటి?" అని వారం కిందట అందరినీ నవ్వించింది. గత మూడు రోజులుగా మాత్రం ఎవరినీ నవ్వించలేదు. అసలు నోరే విప్పలేదు.

కారణం ఆమె కేరేజీ మూత లోపల ఉంది.

ఉద్దానం ఊళ్ళలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ దగ్గరా లేనివాళ్ళ దగ్గరా తీసిన రక్తంలో, ఒక జన్యువు తోకలో ఒకే ఒక్క అక్షరం తేడా కనిపించింది. ఆ అక్షరం మారితే ఏమవుతుందో తేల్చడం యామిని పని. టెక్కలి పిల్ల. రెండేళ్ళుగా అదే ధ్యాస. ముసలమ్మకు ఒకసారి ఇలా విడమరిచింది.

"జన్యువు వాగుతానే ఉంటాది పిన్నీ. దాన్ని ఊరుకోబెట్టే బుల్లిది ఒకటుంది, మైక్రో ఆర్ఎన్ఏ అని. తోక మీదకొచ్చి కూకుంటే జన్యువు నోరు తగ్గిస్తాది. అక్షరం మారితే దానికి కూకునే సోటు కుదరదేమోనని నా అనుమానం."

"మా అత్తలాటిదన్నమాట. పీటెయ్యకపోతే ఆవిడ మాట సెల్లదు."

ఆ వాగుడు చెవికి వినపడేది కాదు. అందుకని ఆ తోకకు మిణుగురు పురుగు వెలుగునిచ్చే జన్యువును తగిలించి కణాల్లోకి పంపుతారు. జన్యువు ఊరుకుంటే వెలుగు తగ్గుతుంది, ఊరుకోకపోతే నిలుస్తుంది. అంత చిన్న వెలుగు కంటికి ఆనదు కనుక మిషను దాన్ని అంకెల్లో చెబుతుంది.

మొదటిసారి అంకెలు యామిని కోరుకున్నట్టే వచ్చాయి. పెద్దసారు తారకేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరీ అందంగా ఉన్నాయమ్మా. ఏది ఏదో తెలిసిన చెయ్యి, మనకే తెలియకుండా ఒకవైపు ఒరుగుతుంది. ఈసారి తెలియకుండా చెయ్యి."

పాత అక్షరం ఉన్న సీసా ఒకటి, మారిన అక్షరం ఉన్నది ఒకటి. వాటి మీది పేర్లు చెరిపి గుర్తులు పెట్టే పని ముసలమ్మకు అప్పగించారు. "మూడు ప్లేట్లూ చదివి, అంకెలు పుస్తకంలోకి ఎక్కేదాకా ఏ గుర్తు దేనిదో ఎవరికీ చెప్పొద్దు. నాకూ చెప్పొద్దు" అన్నారు.

ఆమె తన స్టిక్కరు బొట్ల అట్ట తెచ్చి ఒక సీసాకు ఎర్రబిళ్ళ, ఇంకోదానికి ఆకుపచ్చబిళ్ళ అంటించింది. మరిచిపోకుండా కేరేజీ పైమూత లోపల కూడా అలాంటివే రెండు అంటించి, పక్కన పిన్నీసుతో గీకింది. ఎర్రదాని పక్కన 'మారింది', ఆకుపచ్చదాని పక్కన 'పాతది'. అయిదో తరగతి అక్షరాలు. ఫ్యాక్టరీలో మళ్ళీ పరీక్షగా చూడాల్సిన ట్రేకి ఎర్రగుడ్డ పీలిక కట్టేవారు. ఆ అలవాటు.

అప్పటినుంచి సీసాలు కడిగే గదిలో, గోడవైపు తిరిగి, ఒక్కతే అన్నం తింటోంది. ఎండురొయ్యలు వేసిన వంకాయ కూరలో సగం యామినికి పెట్టకుండా తినడం ఇదే మొదలు.

రహస్యం అంటే మనసులో ఉంటుందని ఆమె అనుకునేది. అది నాలుక కింద ఉంటుందని ఈ మూడు రోజుల్లో తెలిసింది. నోరు తెరిస్తే ఏ మాటతో కలిసి బయటపడుతుందోనని భయం. నోరు మూసుకున్నాక ఏవేవో వినిపించడం మొదలైంది. ఫ్రిజ్జు ఆగి ఆగి మూలగడం, కుళాయి చుక్క, తన ఊపిరి. డయాలసిస్ మంచం మీద మూడేళ్ళు పడుకుని వెళ్ళిపోయిన పెనిమిటి బంగారయ్య గొంతు కూడా. "ఇద్దరి మాటలూ నువ్వే ఆడేత్తన్నావు కదే" అనేవాడు నవ్వుతూ. ఆయన ఏం మాట్లాడాలనుకునేవాడో ఒక్కసారైనా ఆగి విన్నానా అని, గాజుసీసా కడుగుతూ కడుగుతూ ఆమె ఆగింది. తర్వాత, వినే ఉంటానులే, వినకపోతే ఆ నవ్వు ఇంత బాగా ఎలా గుర్తుంటుంది అనుకుని సీసా బోర్లించింది.

పదకొండింటికి, గళ్ళలో కణాలు నింపిన మొదటి ప్లేటు మిషనులోకి వెళ్ళింది. మైక్రో ఆర్ఎన్ఏ వేయని గళ్ళలో రెండు సీసాలవీ ఒకేలా వెలిగాయి. వేసిన గళ్ళలో ఆకుపచ్చవాటి వెలుగు సగానికి పడిపోయింది. ఎర్రవి చెక్కుచెదరలేదు.

అంటే మారిన అక్షరం మాట వినలేదు. యామిని అనుమానం నిజం.

ముసలమ్మ దవడల్లో నవ్వు పొంగుకొచ్చింది. చప్పున మాస్కు ముక్కు మీదికి లాక్కుంది. కళ్ళు కూడా నవ్వుతాయని గుర్తొచ్చి, చీపురు తీసుకుని వంగింది.

యామిని మాత్రం కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "నాను తెలుసుకోకూడదు గానీ పిన్నీ, నాకు తెలిసిపోనాది. ఎప్పుడు సూసినా నీ మొహాన ఎర్రబొట్టే. బాబాయి పోనా మానలేదు నువ్వు. పాతదంటే నీకు ఎర్రదే. పాతది ఊరుకోకుండా, మారింది ఊరుకుందంటే నా లెక్క తలకిందులు."

ముసలమ్మ చీపురు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఈ పిల్లకు తన బొట్టు తెలుసు, కూర తెలుసు, అత్త కథలు తెలుసు. ఎర్రపీలిక కట్టిన ట్రేలు తెలియవు. ఇంత వాగి, ఆ పాతికేళ్ళ సంగతి చెప్పడం మరిచిపోయానే అని ఆమెకు విచిత్రంగా అనిపించింది.

ఒంటిగంటకు రెండో ప్లేటు. అవే అంకెలు. యామిని కళ్ళు ఎర్రబడ్డాయి.

"మూడోది సదవను. దేనికింక? రెండేళ్ళు బూడిదలో పోసినట్టయింది."

మూడోది చదవకపోతే పరీక్ష లెక్కలోకి రాదు. అది ముసలమ్మకూ తెలుసు. ఒక్క మాట చాలు, ఈ పిల్ల ఎగిరి గంతేస్తుంది. ఆ ఒక్క మాటతోనే మొత్తం చెడిపోతుంది. ఆమె గోడవైపు తిరిగే అంది:

"ఫ్యాక్టరీలో రెండు ట్రేలు సూసి మూడోది ఒగ్గేసినోళ్ళని ఇంటికి పంపేసేవోరు. నాలుగింటికి సదువు."

"నా మొహం సూసి సెప్పు పిన్నీ."

ముసలమ్మ తిరగలేదు. తిరిగితే అయిపోతుంది. "అన్నం తిన్నావా?" అంది.

"నువ్వు పెట్టనిది ఏటి తింటాను?" అని ముక్కు తుడుచుకుంటూ యామిని లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. తర్వాత ఇంక్యుబేటరు వైపు వెళ్ళి మూడో ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసుకుంది. చదువుతుంది. ఓరకంట ఆ పిల్ల చేతులు చూస్తే ముసలమ్మకు తెలిసిపోయింది.

ఇక మిగిలింది తన మొహం. మూడు గంటలకు కడిగే గది అద్దంలో దాన్ని చూసుకుంది. అరవై ఏళ్ళుగా ఏదీ దాచని మొహం. కేకు ముందు ఈ మొహం పెట్టుకుని నిలబడితే, అంకెలు ఎక్కకముందే యామిని చదివేస్తుంది. శాలువా సంగతి ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. ముదురు నీలం రంగట, జరీ అంచట. నిన్న ఎవరో చెప్పారు.

కేరేజీ మూత తీసి చేతిరుమాలులో చుట్టి మూడు ముళ్ళు వేసింది. పెద్దసారు గదిలో కేకు పెట్టె మీద దాన్ని బోర్లించింది. చీపురును మూలకు ఆనించి, చెప్పులేసుకుని, మిషను వైపు చూడకుండా బయటకు నడిచింది. నాలుగూ పదికి బారువ బస్సు.

కండక్టరు సింహాచలం టిక్కెట్టు కొడుతూ ఆమె ఒళ్ళోకి వంగి చూశాడు. "ఏటి పిన్నీ, కేరేజీ మూతేది? మర్సిపోనావా?"

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరేటయింది?"

"అది ఇంకా డూటీలో ఉంది."

"నీకు జొరమేటి? ఒక్క మాటకి ఊరుకున్నావు?"

ఆమె పైగిన్నె మీద చెంగు కప్పి కిటికీ వైపు తిరిగింది. జీడితోటలు వెనక్కి పోతున్నాయి. మందస దాటింది. సముద్రం కనిపించదు గానీ గాలిలో ఉప్పు తెలుస్తోంది. సోంపేట దగ్గరపడుతుండగా పక్కన ఖాళీ చేపల బుట్టతో కూర్చున్న ఆవిణ్ణి అడిగింది: "టైమెంతయిందే?"

"అయిదూ పది."

మూడో ప్లేటు అంకెలు ఈపాటికి పుస్తకంలోకి ఎక్కేసి ఉంటాయి. మూడు రోజులు నాలుక కింద ఉన్నది బస్సంతా వినపడేలా బయటికొచ్చింది.

"ఎర్రదే! మారిపోనాది ఎర్రదే! సావకాశంగా ఇను, ఓలమ్మా, సెప్తాను..."

చేపల ఆవిడ బిత్తరపోయి, తర్వాత నవ్వి, బుట్ట కాళ్ళ కిందకు జరుపుకుని వినడానికి కూర్చుంది. ముందు సీటు ఆవిడ కూడా తిరిగింది. బారువ చేరేదాకా ముసలమ్మ ఆగలేదు. అత్త, పీట, మిణుగురులు, ఎర్రపీలిక కట్టిన ట్రేలు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

అక్కడ ల్యాబులో యామిని మూడో ప్లేటు అంకెలు పుస్తకంలో ఎక్కించి, తేదీ వేసి సంతకం పెట్టింది. పిన్ని కోసం కడిగే గదీ, గేటూ చూసి వచ్చింది. పెద్దసారు గదిలో మూడు ముళ్ళూ విప్పి, మూతను తిరగేసింది. ఎర్రబిళ్ళ పక్కన గీకిన మాటను వేలితో తడిమి తడిమి చదివింది.

మడత విప్పని నీలం శాలువా మీద ఆ మూత వెల్లకిలా ఉంది. పిన్నీసు గీతలు అక్కడక్కడా వంకరపోయాయి. ఎర్రబిళ్ళ అంచుకు ఎండిన అన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది.