మాపటి పాళీ పేర్లు

కాంట్రాక్టరు మనిషి ఓంప్రకాష్ లింగవ్వ పొయ్యిని బూటుకాలితో తన్నినప్పుడు నేను పది అడుగుల దూరంలోనే ఉన్నాను. నా ఒంటిమీద నీలం జాకెట్, వీపున 'సూపర్‌వైజర్' అన్న అక్షరాలు.

కొత్తగా పరిచిన రంగురాళ్ల మీద నిప్పులు చెల్లాచెదురయ్యాయి. జొన్నపిండి ముద్ద కాలవలో పడింది. "కార్డ్ దిఖావ్!" అంటూ కార్డు చూపించమని ఓంప్రకాష్ గొంతు చించుకున్నాడు. లింగవ్వ వాడివైపు కాదు, నావైపు చూసింది.

"ఏంది పరుశురాం, గట్ల నిలవడ్డవ్? పదకొండేండ్ల సంది ఈడనే రొట్టెలు చేస్తున్నదని జర చెప్పు బిడ్డా!"

నేను చెప్పలేదు. తలవంచుకుని నిప్పుల్ని తొక్కి ఆర్పాను. రాళ్లు నల్లబడితే నన్నే అడుగుతారని భయం! థూ, నా బతుకు.

తమ్ముళ్లారా, చదువుకుంటున్న పిల్లల్లారా, ఈ కథలో దొంగను నేనే. దాచకుండా చెబుతాను, వినండి.

సూరత్‌లో మా మగ్గం మిషనుకు ఇద్దరు మనుషులు. పగటి పాళీ ఒకడిది, రాత్రి పాళీ ఇంకొకడిది. పొద్దున ఏడుకు ఒకసారి, సాయంత్రం ఏడుకు ఒకసారి మారతారు. బమ్రోలి పక్కనున్న మా బజారులో తెలంగాణ ఆడవాళ్లు కూడా ఇదే పద్ధతి పెట్టుకున్నారు. ఒక చోటు, ఒక పొయ్యి, ఇద్దరు. పొద్దున వెంకటవ్వ సర్వపిండి చేసి, మధ్యాహ్నం పొయ్యి తుడిచిపెట్టి వెళ్లేది. సాయంత్రం అదే పొయ్యి మీద లింగవ్వ రొట్టెలు కాల్చేది. ముప్పై ఎనిమిది చోట్ల మీద డెబ్బై ఆరు ఇళ్లు బతికాయి.

ఈ వీధిని ముస్తాబు చేస్తామన్నారు మున్సిపాలిటీవాళ్లు. దీపాలు, బెంచీలు, గోడలకు బొమ్మలు. ఎక్కడెక్కడి నుంచో జనం చూడటానికి వస్తారు, మీ గిరాకీ పెరుగుతుందన్నారు. మేమూ సంబరపడ్డాం. గుజరాతీ రాయగలవాణ్ని కనుక చోట్ల జాబితా నా చేతికిచ్చారు. పొద్దున్నే టేపు పట్టుకుని వచ్చారు. కాగితంలో చోటుకు ఒకే గడి. సాయంత్రంవాళ్లూ ఉన్నారన్న మాట నా నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఓంప్రకాష్ చోటుకు ఒక్క పేరు చాలంటూ సూపర్‌వైజర్ పని ఆశ చూపాడు. పద్దెనిమిదేళ్ల మగ్గాల మోతకు నా కుడిచెవి పోయింది. ఎడమదన్నా మిగుల్చుకుందామనుకున్నాను. ముప్పై ఎనిమిది పేర్లే రాశాను, చోటు కార్డులు వాళ్లకే వచ్చాయి. తెలియక చేసిన తప్పు కాదు, తెలిసే చేశాను.

పొయ్యి తన్నిన మర్నాడు మధ్యాహ్నం మా మగ్గాల కార్మిక సంఘం రేకుల షెడ్డులో అందరూ కూడారు. కూడటం కాదు, కొట్లాటే. కార్డు వచ్చిన మంగ చేతులు తిప్పుతూ లేచింది.

"కార్డు నా పేరున అచ్చింది. నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

"మరి మేమెటు పోవాలె? మేం మనుషులం గాదా?" అంది ఆమె జోడీ జమున.

ఇంక కూర్చోలేకపోయాను. లేచి, జరిగిందంతా చెప్పేశాను. వెంకటవ్వ నా ముందుకొచ్చి నిలబడింది.

"చెవు కోసం గింత పని చేసినవా కొడుకా? పొద్దుగాల నా చేతి సర్వపిండి తినే పోతుంటివి గదరా!"

కొడితే బాగుండేది, కొట్టలేదు. కొంగుముడి విప్పి తన కార్డు తీసి లింగవ్వ ఒళ్లో పెట్టింది.

"పాళీ ఇద్దరిది. నాకొక్కదానికి గీ కార్డు ఒద్దు."

"గిట్లయితే అందరియ్యి గుంజుకుంటరు!" అని మంగ అరిచింది.

రాత్రి పాళీ చేసే రాజలింగం నిలబడ్డాడు. "రేపు పొద్దుగాల ఏడు గొట్టంగ రెండు పాళీలోళ్లం రోడ్డు మీదనే ఉంటం. దిగెటోడు ఇంటికి పోకుంటే, ఎక్కెటోడు లోపటికి పోకుంటే ఎట్లుంటది?"

"మరి మిషన్లు?" అని ఎవరో అడిగారు.

"ఆగుతయ్. ఏం, మనం ఆగలేదా?"

మర్నాడే కొత్త వీధికి ప్రారంభోత్సవం. వీధి పొడవునా పూలదండలు కట్టారు. ఏడు కొట్టేసరికి ఒక్కో చోట ఇద్దరేసి ఆడవాళ్లు కూర్చున్నారు. మంగ మాత్రం రాలేదు, జమున ఒక్కతే కూర్చుంది. రెండు పాళీల మగవాళ్లతో బజారు కిక్కిరిసింది. మగ్గాల మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నా మిగిలిన ఒక్క చెవికీ వినిపించింది.

పోలీసులు దిగారు. "ఇక్కడ వ్యాపారులు ముప్పై ఎనిమిది మందే సాబ్, మిగతాది బయటి గుంపు" అన్నాడు ఓంప్రకాష్. చోట్లలో కూర్చున్నవాళ్లందర్నీ వ్యానెక్కించమన్నాడు ఇన్‌స్పెక్టరు. పేర్లు రాయాలి కదా. నా జాకెట్ చూసి కాగితాల అట్ట నా చేతిలో పెట్టాడు.

"తూ లిఖ్. ఎవరు ఏ చోట కూర్చున్నారో రాయి."

అరెస్టు జాబితా కూడా నా చేత్తోనేనా? నేను కదలకుండా నిలబడితే వెంకటవ్వ కేకేసింది.

"రాయిరా! ఒకటో చోటు. వెంకటవ్వ, పొద్దటి పాళీ. లింగవ్వ, మాపటి పాళీ. గీసారి ఒక్క పేరు ఇడిచినవో, సూడు మల్ల!"

గడి మధ్యలో గీత కొట్టి రెండు పేర్లూ రాశాను. ఆడవాళ్లు వరస కట్టారు. నా పేరు రాయి, నా జోడీ పేరు రాయి అని తోసుకుంటూ వచ్చారు. డెబ్బై ఐదో పేరు జమునది. పక్కగడి ఖాళీ. ఇంతలో జనాన్ని తోసుకుంటూ మంగ పరుగెత్తుకొచ్చింది.

"రాయి, నాది గూడ రాయి!" అంది రొప్పుతూ.

చివర నా పేరు రాసుకున్నాను. జాకెట్ విప్పి ఓంప్రకాష్ కాళ్ల దగ్గర పడేశాను. ఇన్‌స్పెక్టరు చదవకుండానే సంతకం పెట్టాడు.

వ్యానులో లింగవ్వ పక్కన చోటు దొరికింది. "నన్ను మాఫ్ చెయ్యత్తా" అన్నాను.

"గది తర్వాత సూద్దాం. సంతకం పెట్టిండా?"

"పెట్టిండు."

"చోటు నంబరుతోనా?"

"నంబరుతోనే."

"పోలీసు కాగితం మీదనే ఉన్నం. ఇగ మేం లేమని ఎట్లంటరో అననీ!" అంది లింగవ్వ. కిటికీ ఊచలు పట్టుకుని "పాళీ ఇద్దరిది!" అని గట్టిగా నినాదం ఇచ్చింది. వెనక వ్యాన్లన్నీ అందుకున్నాయి. మగ్గాలు ఇంకా మొదలుకాలేదు.