బాయిసాహెబ్ నింపబోయిన ఒడి

పెనం మీద జొన్నరొట్టెకు తడిచెయ్యి అద్దుతుంటే మా ఆయన శివరాజ్ వంటింటి గడపలో నిలబడి, సాయంత్రం మంచి చీర కట్టుకొమ్మన్నాడు. దయానంద్ సాహెబ్ ఇంటికి పోవాలట. ఆయన భార్య నాకు ఒడి నింపుతుందట. రొట్టె మాడింది. దానికీ ఒక మాట పడ్డాను.

దయానంద్ సాహెబ్ జడ్జి. ఒకప్పుడు ఆయన దగ్గర నేను స్టెనోని. కోర్టు వేళ అయిపోయాక తీర్పు రాయిస్తానని చాంబర్‌లో కూర్చోబెట్టి నా ఒంటి గురించి చెప్పేవాడు. అదంతా నా చేత షార్ట్‌హ్యాండ్‌లో రాయించి, నా నోటితోనే చదివించుకునేవాడు. ఫిర్యాదు చేశాను. విచారణలో పెద్దమనుషుల ముందు అవే మాటలు మళ్లీ పలికాను. సరిగా వినపడలేదని ఒకాయన ఇంకోసారి చెప్పించుకున్నాడు. చివరికి సాహెబ్ హోదా తగ్గించి దూరం పంపారు. మా అత్త సుందరాబాయి చాలాకాలం నా చేతి నీళ్లు తాగలేదు. అలాంటి మాటలు మంచి ఇంటి ఆడది బయటపెట్టదని ఆమె బాధ. అన్నవాడిని మాత్రం ఏమీ అనలేదు.

ఇప్పుడు శిక్షలు పడ్డ జడ్జిలకు సర్కారు క్షమాభిక్ష పెట్టింది. ఆయన హోదా తిరిగొచ్చింది, మచ్చ పోయింది, సోమవారం నుంచి నాందేడ్‌లో నేను పనిచేసే కోర్టుకే పెద్ద. కబురు తెలిసిన రోజు ఆఫీసులో పేడా మిఠాయిలు పంచారు. నా బల్ల మీదా ఒకటి పెట్టిపోయారు. క్షమించే ముందు నన్నొక మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

దారిలో బండి మీద శివరాజ్ మెత్తగానే నచ్చజెప్పాడు. "ఆల్లే పిలిచి ఒడి నింపుతమంటున్నరు. ఇంకేం గావాలె నీకు? కాదంటే నిన్ను దూరం కిన్వట్ కోర్టుకు ఏస్తరు. పిల్లనెవరు జూస్తరు?"

నేనే చూడాలన్నది ఆ ప్రశ్నలోనే ఉంది. తండ్రి అనేవాడు ఒకడున్నాడని మా ప్రాచికి తెలిసేది సెలవు రోజున.

మా వైపు ఒడి నింపుతామంటే వద్దన్న ఆడది లేదు. ఆ బియ్యానికి, కొబ్బరికాయకు కొంగు పట్టిందంటే ఆ ఇంటి ఆడబిడ్డ అయినట్టే. ఇక ఆ ఇంటి మీద నోరెత్తకూడదు. ఇన్ని చట్టాలు చదివినవాడికి చివరికి అక్కరకొచ్చింది భార్య చేతిలోని కొబ్బరికాయ.

నన్ను పీట మీద కూర్చోబెట్టారు. సాహెబ్ పక్క గదిలో ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది, బయటికి రాలేదు. ఆయన భార్య బాయిసాహెబ్ నాకు పసుపు కుంకుమ పెట్టి, బియ్యం, రవికెగుడ్డ, కొబ్బరికాయ ఉన్న పళ్లెం ఎత్తుకుంది.

"కొంగు పట్టు బిడ్డా," అంది మెల్లగా. "సర్కారే మాఫ్ జేసింది. నేను గూడ అన్నీ కడుపుల వెట్టుకొనే బతికిన."

ఆమె మీద జాలేసింది. ఒళ్లు మండింది కూడా. చేసినవాడు లోపల హాయిగా కూర్చుంటే, మేమిద్దరం ఇక్కడ తలలు వంచుకుని ఉన్నాం. వెనక నుంచి శివరాజ్ దగ్గాడు, తొందరగా కానిమ్మని.

పీట మీది నుంచి లేచి కొంగు నడుముకు దోపుకున్నాను. పక్క గదికి వినపడేటట్టే చెప్పాను.

"శిక్ష ఏసినోల్లు మాఫ్ జేసుకున్నరు బాయిసాహెబ్, అది ఆల్ల ఇష్టం. నేను శిక్ష ఎయ్యలే, జరిగింది చెప్పిన. మాఫ్ అయినంక గూడ అది జరిగిందే."