ఊయలల హోటలు

పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి కాబట్టి ఈసారి అండమాన్ పోదామని వేణుగోపాల్ అన్నప్పుడు భాగ్యశ్రీ నమ్మలేదు. గౌలిపురాలో ఇల్లు, కంచన్‌బాగ్‌లో ఆయన ఉద్యోగం, వీధి మలుపులోని ప్రైవేటు బడిలో తన లెక్కల పాఠాలు. వాటి మధ్యనే ఆమె కాలమంతా గడిచింది. ఊరు దాటితే యాదగిరిగుట్ట, వేములవాడ, ఎప్పుడో ఒకసారి షిర్డీ. సముద్రం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ మాట చెబితే స్టాఫ్‌రూములో సాయిప్రియ టీచర్ నోరు తెరిచింది.

“నిజంగనే పోదమా?” అని అడిగింది భర్తను.

“నిజంగనే. హోటల్ నువ్వే చూడు. సముద్రం ఒడ్డునే ఉండాలె. నీకేది నచ్చితే అది.”

ఇక చూసుకోండి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఎంత జాగ్రత్తో అంత జాగ్రత్తగా ఆమె హోటళ్లు చూడటం మొదలుపెట్టింది. సాయంత్రం బడి నుంచి వచ్చి, అత్తగారు రమాబాయికి చాయ్ ఇచ్చి, మోకాళ్లకు నూనె రాసి, ఆ పక్కనే కుర్చీ వేసుకుని ఫోన్ తెరిచేది. చూసి చూసి, తీసేసి తీసేసి, చివరికి రెండింటి దగ్గర ఆగింది. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకుంది. ఒకటి ఊయలల హోటలు. వెదురు గదులు, తలుపు తీస్తే ఇసుక, కొబ్బరిచెట్ల మధ్య వలతో అల్లిన ఊయలలు. రెండోది కొలను హోటలు. నాలుగంతస్తులు, లిఫ్టు, ముందర నీలంగా మెరిసే ఈతకొలను, దాని అవతల ఎక్కడో గీతలాగా సముద్రం.

ఆమె మనసంతా ఊయలల మీదే ఉంది. వేణుగోపాల్‌కు మాత్రం అది నచ్చలేదు.

“వెదురు గోడలు భాగ్యా, దోమలు మస్తుంటయి. కరెంటు పోతే ఫ్యాన్ గూడ తిరగది. కొలను దాంట్ల లిఫ్ట్ ఉన్నది, మంచిగుంటది.”

“పోయొచ్చినట్టే చెప్తుండ్రు!” అని నవ్విందామె.

“కింద రాసిండ్రు గదా, పోయినోళ్లు” అన్నాడాయన, టీవీ వైపు చూస్తూ.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు అభిజ్ఞ కూడా వీడియో కాల్‌లో అదే మాట అంది. “కొలనుదే తీస్కో మమ్మీ, ఆ వెదురు కొంపలేంది?” ఆఖరికి మంచం మీదున్న రమాబాయి సైతం, “వాడు చెప్పిన దాంట్లనే దిగుండ్రి” అంది. తన ప్రయాణం గురించి ఇల్లంతా ఇంత ఫికర్ పడుతున్నదని భాగ్యశ్రీ లోలోపల మురిసిపోయింది. తన జీవితంలో తనకోసం ఇంతమంది ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

ప్రయాణానికని ఆమె మొదటిసారిగా నీలం రంగు కుర్తా కుట్టించుకుంది. దానికి జోడు గాజులు కావాలి. జల్‌పల్లిలో ఉండే తోటికోడలు విజయలక్ష్మికి ఫోన్ చేసి, లాడ్ బజార్‌కు రమ్మంది. విజయలక్ష్మి ఆమె మరిది నందకిశోర్ భార్య. ఇద్దరికీ మాట పట్టింపులు లేవు, పండక్కి చీరలు కూడా కలిసే కొంటారు.

దుకాణంలో తెల్ల పరుపు అంచున ఇద్దరూ కూర్చున్నారు. ముసలి దుకాణదారు భాగ్యశ్రీ చేతి వేళ్లను దగ్గరగా మడిచి, ఒక్కొక్క గాజే ఒడుపుగా ఎక్కిస్తున్నాడు. రెండో చేత్తో ఆమె ఫోన్ తీసి తోటికోడలికి చూపించింది.

“నువ్వన్న చెప్పు విజయా. నాకైతే ఇదే నచ్చింది. మీ బావ వింటలేడు.”

విజయలక్ష్మి ఫొటో చూసి చటుక్కున తల అడ్డంగా ఊపింది. “అయ్యో అక్కా, గీ ఊయలల దాంట్ల దిగకుండ్రి. పొద్దుగాల సముద్రం మొత్తం ఎన్కకు పోతది, ఇగ రాళ్లే రాళ్లు. బావకు కాలు గక్కడనే గదా కోసుకున్నది!”

భాగ్యశ్రీ ఫోన్ మీంచి తలెత్తింది. “ఏ బావకు?”

విజయలక్ష్మి మొహంలో నవ్వు అట్లాగే నిలిచిపోయింది. “బావ చెప్పలేదా నీకు? ఇప్పుడు నిన్ను గక్కడికే తీస్కపోతుండు గదా, అంతా చెప్పిండే అనుకున్న...”

“హాత్ ఢీలా ఛోడో బాజీ” అన్నాడు దుకాణదారు, చెయ్యి వదులుగా పెట్టమని. ఆమె చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. గాజు కణుపు దగ్గరే ఆగిపోయింది. వెనక్కి లాక్కుందామంటే చెయ్యి ఆయన పట్టులో ఉంది. “చెప్పు విజయా” అంది ఆమె, చూపు గాజు మీంచి తిప్పకుండా.

అప్పుడు విజయలక్ష్మి చెప్పక తప్పలేదు. రమాబాయి స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న ఏడాది అది. అంతకు ముందే నందకిశోర్ అందరికీ అండమాన్ టికెట్లు తీసి పెట్టాడు. ఆఖరు నిమిషంలో చెప్పి ఆశ్చర్యపరుద్దామని. అంతలో ఈ ప్రమాదం.

“నీకు గూడ తీసినమక్కా, దేవుని తోడు. అత్తమ్మ పడ్డంక ఒక్కరు ఇంట్ల ఉండాలె గదా అన్నరు. నీకు చెప్తే బాధపడతవని...”

“ఎవరన్నరు?”

“అందరం కూసొని అనుకున్నం.” విజయలక్ష్మి చూపు వీధి వైపు తిప్పుకుంది. “మా ఇంట్ల.”

ఆ వారం భాగ్యశ్రీకి బాగా గుర్తు. ఆఫీసు పని మీద ఒడిశా పోతున్నానని వేణుగోపాల్ సూట్‌కేసు సర్దుకున్నాడు. కాదు, తనే సర్దింది. నిజామాబాద్‌లో పెళ్లికి పోతున్నామని మరిది వాళ్లు చెప్పారు. ఆ రోజుల్లో బడికి సెలవు పెట్టి అత్తగారిని ఒంటి చేత్తో పక్కకు తిప్పింది, తుడిచింది, బెడ్‌ప్యాన్ పెట్టింది. నొప్పితో ఆవిడ తిడితే పడింది. వారం తర్వాత ఆయన కాలికి కట్టుతో వచ్చాడు. అక్కడి ఆఫీసులో రేకు తగిలిందన్నాడు. ఆ పుండు మానక చీము పట్టింది. రోజూ వేడినీళ్లతో కడిగి, మందు రాసి, గుడ్డ మార్చింది. రేకులు అడ్డదిడ్డంగా పడేసిన ఆ ఆఫీసు వాళ్లను తిట్టుకుంటూ మార్చింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. అది అడగకుండా లేచి పోవచ్చు. కానీ అడిగింది.

“అభి గూడ వచ్చిందా?”

విజయలక్ష్మి తల దించుకుంది. “వరంగల్ నుంచి సీదా ఎయిర్‌పోర్టుకొచ్చిందక్కా.”

ఆ వారమే కూతురు, పరీక్షలున్నాయి ఫోన్ చెయ్యొద్దు మమ్మీ అంది. తను చెయ్యలేదు. చదువుకునే పిల్లకు అడ్డం ఎందుకని తిన్నావా అని కూడా అడగలేదు.

చార్మినార్ నుంచి శాలిబండ మీదుగా ఇంటికి నడిచే వచ్చింది. ఆటో ఎక్కమని విజయలక్ష్మి వెనకాలే కొంత దూరం వచ్చి, ఇక పిలవలేక ఆగిపోయింది. తోపుడుబండ్ల వాళ్లు, స్కూటర్లు, అత్తరు వాసన, అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. అందరికీ తెలుసు అన్న ఒక్క మాటే ఆమెకు అడుగడుక్కీ తగులుతోంది. ఇంటికి వచ్చిన ప్రతిసారీ మరిది “మంచిగున్నవా వదినా” అన్నప్పుడు అతనికి తెలుసు. కట్టు విప్పుతుంటే ఆయన “నువ్వు లేకుంటే నా గతేంది భాగ్యా” అన్నప్పుడు ఆయనకు తెలుసు.

వేణుగోపాల్ అప్పటికే ఆఫీసు నుంచి వచ్చి తల్లి మంచం పక్కన చాయ్ తాగుతున్నాడు.

“మీ కాలు ఏడ కోసుకున్నది?” అని అడిగింది చెప్పులైనా విడవకుండా.

ఆయన ఆమె మొహం చూశాడు, తర్వాత తన కాలు చూసుకున్నాడు. బహుశా విజయలక్ష్మి ఫోన్ ముందే వచ్చి ఉంటుంది. బుకాయించలేదు.

“చెప్దామనే అనుకున్న. రోజులు గడిచిన కొద్దీ చెప్పుడు కష్టమైంది. అందుకే గదా ఇప్పుడు నిన్ను తీస్కపోదామని...”

“అందుకేనా?” అంది ఆమె. అప్పటిదాకా ఆ ప్రయాణం పెళ్లిరోజు కోసమని అనుకుంది. “ఊయలల హోటల్ ఒద్దని ఎందుకన్నరు? దోమలకా?”

వేణుగోపాల్ చాయ్ కప్పు కింద పెట్టాడు.

“గక్కడి పనోళ్లు మిమ్ముల గుర్తువడతరని. అవునా?”

“లొల్లి చెయ్యకు భాగ్యా, అమ్మ ముందట.”

అప్పుడు మంచం మీంచి రమాబాయి గొంతు విప్పింది. “వాన్ని అనకు. నేనే చెప్పొద్దన్న.”

భాగ్యశ్రీ అటు తిరిగింది. ముసలావిడ కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. “నీకు తెలిస్తే నువ్వు గూడ పోతనంటవని భయమైంది బిడ్డా. నర్సును పెడతమన్నరు. పరాయిదాని చేతిల పడుడు నాకు ఇష్టం లేకుండె. నువ్వైతే మంచిగ చూస్తవు.”

అంటే తను మంచిగా చూస్తుంది కాబట్టి తనకు చెప్పలేదు. భాగ్యశ్రీకి కోపం కాదు, ముందు సిగ్గేసింది. ఎందుకో తెలియదు. తప్పు చేసిన వాళ్లు ఇంతమంది ఉండగా సిగ్గు తనకే వచ్చింది.

“అడిగి ఉంటే నేనే ఉంటననేదాన్ని అత్తమ్మా” అంది. “మీరందరు పోయిరాండ్రి, నేను చూసుకుంట అని నేనే అనేదాన్ని. ఎవ్వరన్న ఒక్కరు అడిగి ఉంటే.”



తర్వాతి రోజుల్లో ఇంట్లో ఏ పనీ ఆగలేదు. వంట అయింది. అత్తగారి మోకాళ్లకు నూనె అందింది. మాటలే తగ్గాయి. అభిజ్ఞ ఫోన్ చేస్తే భాగ్యశ్రీ ఎత్తలేదు. పెద్ద పెద్ద మెసేజ్‌లు వచ్చాయి, అన్నింట్లోనూ సారీ ఉంది. నందకిశోర్ స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మంలో తచ్చాడి, అన్నతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. వేణుగోపాల్ రెండు మూడు సార్లు అడిగాడు. “ఊయలల దాంట్లనే దిగుదాం, నీ ఇష్టం. బుక్ చెయ్యనా?” అక్కడ దిగితే, ఆయన నడిచిన ఇసుకలో ఆమె కొత్తగా ఆశ్చర్యపోవాలి. ఆయనేమో పక్కన నిలబడి మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టాలి. కొలను హోటలైతే అబద్ధం దాచుకోవడానికి ఎంచింది. రెండూ ఆమెకు అక్కర్లేదు.

హోటలు ఎంచడానికి వారాలు తీసుకున్న మనిషి, ఒకరోజు బడిలో ఇంటర్వెల్ అయిపోయేలోగా సాయిప్రియ టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోటి ఎంచేసింది. కేరళలో. రైలులో పోవచ్చు. చిన్న హోటలు, సముద్రం ఒడ్డునే. ఊయలలూ లేవు, కొలనూ లేదు.

“ఎవరితోని పోతున్నవు?” అన్నాడు వేణుగోపాల్ టికెట్ చూసి.

“ఎవ్వరితోని లేదు.”

“ఒక్కదానివా? నేను గూడ వస్త. అమ్మను తమ్ముని దగ్గర...”

“ఒద్దు. ఇంట్ల ఒక్కరు ఉండాలె గదా.”

ఆమె ఎగతాళిగా అనలేదు. అందువల్లే ఆయనకు ఎక్కువ తగిలినట్టుంది. సెలవు పెట్టుకుని ఉండిపోయాడు. స్టేషన్‌కు వస్తానంటే కూడా వద్దంది.

సముద్రం కనబడటానికి ముందే వినబడింది. హోటలు మెట్ల మీద నిలబడి, ఏదో పెద్ద బండి వస్తున్నదనుకుని ఆమె పక్కకు జరిగింది కూడా. తర్వాత కొబ్బరిచెట్లు దాటి చూసింది. ఇంత ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఫొటోల్లో అది హోటలు ముందర పరిచినట్టు ఉంటుంది. ఇక్కడ హోటలే దాని ముందర చిన్న డబ్బాలా ఉంది. చెప్పులు చేత పట్టుకుని నీళ్ల దాకా నడిచింది. అల వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోతూ మడమల కింది ఇసుకను లాగేసింది. భయంతో పక్కకు చెయ్యి చాపింది. అక్కడ ఎవరూ లేరు. పాతికేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఆయన వైపు పోయింది. దానికి తన మీద తనకే కోపం వచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇసుకలో కూర్చుని చాలాసేపు చూసింది. బాగుంది. అది నిజం. కానీ బాగున్న ప్రతిసారీ, వాళ్లందరికీ ఇది ముందే తెలుసు అన్న మాట వెనకే వచ్చింది. అన్నం తినేటప్పుడు రాయి తగిలినట్టు. ఆ రాయిని ఏరిపారేద్దామనే ఇంత దూరం వచ్చింది. అది ఆమెతోపాటే వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. అభిజ్ఞ వీడియో కాల్. ఎత్తకూడదనుకుంది, కానీ ఎత్తింది. పిల్ల గౌలిపురా ఇంట్లో ఉంది. తండ్రికి తోడుగా నాయనమ్మను చూడటానికి వచ్చిందట. వెనకాల రమాబాయి మంచం కనిపిస్తోంది.

“మమ్మీ, తిన్నవా?”

“తిన్న.”

“ఎట్లుంది?” అంది, ఆ పైన ఏం అడగాలో తెలియక. “ఒకసారి సముద్రం చూపియ్యవా మమ్మీ?”

భాగ్యశ్రీ ఫోన్ తిప్పబోయి ఆగింది.

“నువ్వు చూసిందే గదా బిడ్డా.”

 అభిజ్ఞ మొహం చేతులతో కప్పుకుని ఏడవసాగింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల ఏడిస్తే, ఏడవకు తల్లీ అన్న మాట ముందు భాగ్యశ్రీ నోటి నుంచే వచ్చేది. ఈసారి ఆ మాట రాలేదు. ఫోన్ కట్ చెయ్యనూ లేదు. అట్లాగే పట్టుకుని, కూతురు ఏడుస్తుంటే చూస్తూ, చీకటి పడేదాకా కూర్చుంది.